ఎవరి మార్పు ఎవరిది

బందరు కాలేజీలో ఇఫ్రా, ప్రేమ్ సాగర్ కలిసి కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే ప్రోగ్రాం రాశారు. ఇఫ్రాకు లాప్‌టాప్ లేదు. తన వంతు కూడా ప్రేమ్ సాగర్ లాప్‌టాప్‌లోనే రాసేది. చేసిన ప్రతి మార్పునూ కారణంతో సహా గిట్ అనే మార్పుల జాబితాలో కమిట్ చేయాలని, అంటే నమోదు చేయాలని ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు.

మార్కులు వేసే రోజున సుచిత్ర మేడమ్ ఆ జాబితా తెరిచారు. అరవై మార్పులూ ప్రేమ్ సాగర్ పేరుమీదే ఉన్నాయి.

"మరి నువ్వేం చేశావమ్మా?"

మెషీన్ ముందు కూర్చున్న మనిషిని గిట్ చూడదనీ, ఆ మెషీన్లో పెట్టిన పేరే రాసుకుంటుందనీ ఇఫ్రాకు అప్పుడే తెలిసింది.

"సగం పైన తనే చేసిందండీ," అన్నాడు ప్రేమ్ సాగర్.

"ఫ్రెండ్స్ అలాగే అంటార్లే బాబూ."

ఇఫ్రా తెర మీది జాబితా చూపించింది. "పేర్లు కాదు, కారణాలు చదవండి మేడమ్."

మేడమ్ చదివారు. కొన్నిచోట్ల 'అప్‌డేట్', 'మళ్లీ అప్‌డేట్' అని ఉంది. మరికొన్నిచోట్ల, 'రీడింగ్ రాకపోతే సున్నా చూపకూడదు, ఆక్సిజన్ అయిపోయిందని రైతు హడలిపోతాడు' లాంటి నిండు వాక్యాలున్నాయి.

"అప్‌డేట్‌లన్నీ ఇతనివేనా?"

"నావేనండీ," అన్నాడు ప్రేమ్ సాగర్ తల గోక్కుంటూ.

ఆ నిండు వాక్యాల్లో నాలుగింటి గురించి మేడమ్ గుచ్చి గుచ్చి అడిగారు. ఇఫ్రా తడుముకోకుండా చెప్పింది. ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి.

బయటికొచ్చాక, "పాతవాటికి నీ పేరు పెట్టేద్దామా?" అన్నాడు ప్రేమ్ సాగర్.

"వద్దు. పాతవి మారిస్తే మేడమ్ దగ్గరున్న కాపీకీ మనదానికీ పొంతన కుదరదు. రేపట్నుంచి నేను కూర్చోగానే ముందు గిట్‌లో నా పేరు పెడతాను."