వెనకాలే వచ్చే బండి

పొద్దున్నే లేవగానే సీట్లమ్మ చేసే మొదటి పని కారు స్టార్టవుతుందో లేదో చూడటం. స్టార్టవదు. ఆ సంగతి తెలిసినా బానెట్ మీద చెయ్యి వేసి, "ఈ ఒక్క పూటా నా పరువు నిలబెట్టవే తల్లీ" అని బతిమాలి తాళం తిప్పేది. బండి రెండుసార్లు దగ్గి ఊరుకునేది. లోపల్నుంచి కూతురు చెప్పులేసుకుంటూ, "వదిలేయమ్మా, నేను బస్సుకే పోతాను" అనేది. ఆ బస్సు ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు.

సీట్లమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కార్ల కంపెనీలో ఏళ్ళ తరబడి సీట్లు కుడుతోంది కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ వీధంతా కంపెనీ వాళ్ళే. పక్కింట్లో రంగులేసే ఆయన, ఎదురింట్లో ఫోర్‌మన్. దేశం మొత్తానికి సొంత కారంటూ ఉన్నది వాళ్ళు చేసేదొక్కటే. ఒకప్పుడు దానికోసం జనం పేరు రాయించుకుని, పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఎదురుచూసేవారు. తర్వాత బయటిదేశాల బళ్ళు దిగాయి. మూడు షిఫ్టులు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. అమ్ముడుపోని కార్లు కంపెనీ వెనక వరసగా నిలబడిపోయి, వాటి చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది.

ఆ బళ్ళకో గుణం ఉండేది. వాటిని చేసినవాళ్ళు తమ ఇంటి బండిని అమ్మితే, తెల్లారేసరికి అది తిరిగి వచ్చేసేది. తాళం తిప్పితే ససేమిరా కదలనిది, తోలేవాడు లేకుండా మాత్రం ఊరు దాటి వచ్చి గుమ్మం ముందు నిలబడేది. దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. "మీ బండి వచ్చిందమ్మోయ్" అని పాలాయన కేకేసి తన దారిన తాను పోయేవాడు.

షిఫ్టు ఒక్కటే మిగిలిన రోజున ఫోర్‌మన్ అందరినీ పోగేసి, అప్పుడే తయారైన కారు బానెట్ మీద చేతులు వేయించాడు.

"మనమే కొనకపోతే ఇంకెవడు కొంటాడర్రా? వేరే కంపెనీ బండి మన గుమ్మాల ముందు నిలబడకూడదు. సరేనా?"

సరేనన్నారు. సీట్లమ్మ చెయ్యి ఆయన చేతి పక్కనే ఉంది. భర్త పోయి పసిపిల్లతో మిగిలినప్పుడు ఆమెకు ఆ పని ఇప్పించింది ఆయనే. ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, ఆయన కూడా సొంత చెల్లెల్ని చూసినట్టే చూసేవాడు. ఆ మాట తప్పితే కళ్ళు పోతాయనుకుంది సీట్లమ్మ.

కూతురు ఊరికి అటు చివర పెద్దాసుపత్రిలో నర్సు. ఒకరోజు ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదన్నారమ్మా."

ఆ ఆదివారం సీట్లమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, బయటిదేశం బళ్ళ షోరూములోకి దొంగలా దూరింది. అక్కడి కుర్రాడు ఇంజను గురించి గడగడా చెప్పుకుపోతుంటే ఆమె వినలేదు. తిన్నగా వెళ్ళి సీట్లో కూర్చుని, కుట్టు వెంట వేలు పోనిచ్చింది. మూల తిరిగే చోట గుడ్డ ముడత పడకుండా కుట్టడం ఆమెకే కష్టం. ఇక్కడ ముడత లేదు. తప్పు దొరుకుతుందేమోనని అడుగున కూడా తడిమి చూసింది. దొరకలేదు. కడుపు మండిపోయింది, ఆ మంటలోనే కొనేసింది.

"మీ పాత బండి మాకిచ్చేస్తే కొంత తగ్గుతుందమ్మా" అన్నాడు కుర్రాడు.

"అది మీ దగ్గర ఉండదు బాబూ. వచ్చేస్తుంది."

"తెలుసులెండి. గొలుసేస్తాం."

కొత్త కారును తన గుమ్మం ముందు పెట్టలేదు. చేతులు వేసి ఒప్పుకున్నది గుమ్మం సంగతే కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, రెండు వీధుల అవతల ఒక షెడ్డు అద్దెకు మాట్లాడుకుంది. షెడ్డులో అప్పటికే చాలా కార్లు పట్టాలు కప్పుకుని ఉన్నాయి. ఒక పట్టా కింద నుంచి పక్కింటి రంగులాయన బయటికొచ్చాడు.

"నేను... దారి తప్పి వచ్చానమ్మా" అన్నాడాయన.

"నేనూ అంతే" అంది సీట్లమ్మ.

ఆ తర్వాత వీధిలో ఎదురుపడ్డప్పుడల్లా ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకునేవారు. కూతురు మాత్రం రోజూ వేళకు డ్యూటీకి వెళ్తోంది. కొత్త బండి ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సీట్లమ్మకు హాయిగా ఉండేది, వెంటనే ఆ హాయికి సిగ్గేసేది.

పాత బండి గొలుసు తెంచుకుని మర్నాడే వచ్చేసింది. షోరూము వాళ్ళొచ్చి లాక్కెళ్ళారు. రిపేరుకని వీధిలో చెప్పింది సీట్లమ్మ. మళ్ళీ వచ్చింది. ఈసారి బంపరు వంగి ఉంది, పక్కన గీతలు పడ్డాయి. ఎదురింటి అరుగు మీద నుంచి ఫోర్‌మన్ చూసి, "ఇంకా దాన్ని బాగుచేయిస్తూనే ఉన్నావా అమ్మా! నిన్ను చూసి నేర్చుకోవాలి" అన్నాడు. ఆయన బండి ఇటుకల మీద నిలబడి ఉంది. దానికి కావలసిన సామాను కంపెనీయే మానేసింది.

ఆ మెచ్చుకోలు సీట్లమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆ కోపం బండి మీద చూపించింది. అద్దం దగ్గరికి వంగి, ఎవరూ వినకుండా, "మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే ఊరుకోను. పో, నీకు దణ్ణం పెడతాను" అంది. షోరూము వాళ్ళొచ్చి లాక్కెళ్తుంటే తలుపేసుకుంది. ఆ తర్వాత అది ఆమె గుమ్మానికి రాలేదు.

ఆ నెలలోనే కంపెనీ గేటుకు తాళం పడింది. అందరూ గేటు ముందు నిలబడి ప్రభుత్వాన్ని తిట్టారు, కొననివాళ్ళను తిట్టారు. సీట్లమ్మ, రంగులాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఫోర్‌మన్ మాత్రం ఎవరినీ తిట్టలేదు. "చెయ్యగలిగింది చేశాం" అన్నాడు. నేను చెయ్యలేదు, నేను చెయ్యలేదు అనుకుంటూ ఇల్లు చేరింది సీట్లమ్మ.

కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున ఫోర్‌మన్‌కి గుండెనొప్పి వచ్చింది. ఆయన భార్య, సీట్లమ్మ వదినగారని పిలిచే ఆవిడ, లబోదిబోమంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. తమ గుమ్మం ముందే సీట్లమ్మ పాత బండి, ఇంజను ఆడుతూ, తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. ఆమె ఆలోచించలేదు. మొగుణ్ణి ఎక్కించి తనూ ఎక్కింది. బండి తనంతట తానే పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ అప్పుడే డ్యూటీలోకి దిగిన సీట్లమ్మ కూతురు ఆయన్ని చూసి, పరుగున డాక్టర్ని పిలుచుకొచ్చింది.

కబురు తెలిసి సీట్లమ్మ వెళ్ళేసరికి మంచం చుట్టూ వీధి వీధంతా ఉంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా బండి మూలపడిందని, తన బండి తెచ్చి నా గుమ్మం ముందు పెట్టిందిరా నా చెల్లెలు. మాట మీద నిలబడింది ఇదొక్కతే."

రంగులాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. సీట్లమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు, ఆ మర్నాడూ సహించలేదు.

ఆయన్ని ఇంటికి పంపించే రోజు వచ్చింది. పాత బండి అన్నాళ్ళూ ఆసుపత్రి ఆవరణలోనే నిలబడి ఉంది.

"తాళం ఇలా తేమ్మా. మన బండిలోనే పోదాం."

"తాళం నా దగ్గర లేదన్నయ్యా."

"పారేసుకున్నావా?"

"దాన్ని అమ్మేశాను. మీ గుమ్మానికి నేను పంపలేదు. నా గుమ్మం తొక్కొద్దని తిట్టాను, అందుకని మీ దగ్గరికొచ్చింది." ఇక ఆగలేక ఏడ్చేసింది. "వేరే కంపెనీది కొన్నానన్నయ్యా. అమ్మాయి ఉద్యోగం పోతుందని."

ఆయన పాత బండి వంక చూశాడు.

"బానెట్ మీద చెయ్యి వేశావు కదమ్మా."

"వేశాను."

ఇంతలో కూతురు కొత్త కారు తెచ్చి మెట్ల ముందు ఆపింది. ఆయన దాని వంక చూడకుండా పాత బండి దగ్గరికి నడిచి, తలుపు లాగాడు. అది తెరుచుకోలేదు. బానెట్ మీద కాసేపు చెయ్యి ఉంచాడు. వదినగారు వచ్చి భుజం పట్టుకుని, "ఎండలో నిలబడకూడదన్నారండీ" అంది.

చివరికి ఆయన వచ్చి కొత్త కారు ముందు సీట్లో కూర్చున్నాడు. వేలు అలవాటుగా కుట్టు వెంట పోయి, మూల తిరిగే చోట ఆగింది.

"కుట్టు బాగుంది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

వెనక సీట్లో సీట్లమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. కారు గేటు దాటింది. ఆయన పక్కనున్న అద్దంలోకి చూస్తున్నాడు.

"వస్తోందా?" అన్నాడు కొంతదూరం పోయాక.

సీట్లమ్మ వెనక్కి తిరిగి చూసింది. వంగిన బంపరుతో, దగ్గుతూ, రోడ్డు వారగా వస్తోంది బండి.

"వస్తోందన్నయ్యా."

ఆయన సీట్లమ్మ కూతురి వైపు తిరిగాడు.

"నెమ్మదిగా పోనివ్వమ్మా. అది అందుకోలేదు."