నాలుగు ఉప్పు బిళ్లలు

పరుగు బయలుదేరే గీత దగ్గర నిలబడినప్పుడు నా దగ్గరున్న సరుకు ఇది. నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి ఒకటి. అందులో ఓపిక కోసం మావారు దారిలో తాగాల్సిన తీపి జెల్ ప్యాకెట్లు రెండు, ఆయన చెమట తుడుచుకునే రుమాలు, ఆయన ఫోను, కారు తాళం, ఆయన మోకాలికి కొట్టే స్ప్రే, షాపులో గుండీలు వేసుకునే చిన్న రేకు డబ్బా. ఆ డబ్బాలో, పిక్కలు పట్టేస్తే ఆయన వేసుకోవడానికి నాలుగు ఉప్పు బిళ్లలు. నాదంటూ ఉన్నది జుట్టుకు పెట్టుకున్న రబ్బరు బ్యాండు. అది తలమీదే ఉంది కాబట్టి సంచి లెక్కలోకి రాదు.

సంచి నేనే కుట్టాను. మాది గుడ్డలు, గుండీలు, లైనింగులు అమ్మే షాపు. బోర్డు మీద ఆయన పేరు, బల్ల వెనక నేను. పంతొమ్మిదేళ్లుగా మీటరు కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఇల్లు ఆయన పేరు మీద, కారు ఆయన పేరు మీద. ఆ రోజు నా ఛాతీ మీద పిన్నులతో గుచ్చుకున్న నంబరు కూడా సగం ఆయనదే. మమ్మల్ని జంటల పరుగులో రాయించారు. ఆయనది నాలుగు వందల పన్నెండు ఎ, నాది నాలుగు వందల పన్నెండు బి. ఇద్దరూ ఒకే నిమిషంలో ముగింపు గీత దాటాలి. దాటితే మైకులో పేర్లు చదువుతారు, ఫోటో తీస్తారు. విడిపోతే జంటల పట్టికలో ఆ నంబరు ఎదురుగా "పూర్తి చేయలేదు" అని రాస్తారు.

"మా ఆవిడ నాకు పరిగెత్తే బీరువా అండీ," అన్నారాయన, పక్కనున్న ఆడిటరు గారితో. మా పరుగు బృందానికి ఆడిటరు గారే పెద్ద.

"అదృష్టవంతులు. మా ఆవిడైతే బీరువాలాగే కదలదు," అన్నాడాయన.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. గిరాకీల జోకులకు నవ్వి నవ్వి అలవాటైన నోరు, ఇంటివాళ్ల జోకులకూ అదే నవ్వు తీసి బల్లమీద పెడుతుంది.

నా పరుగు ఎలా మొదలైందో కూడా చెప్పాలి, లేకపోతే లెక్క తేలదు. కిందటేడు డాక్టరు ఆయనకు షుగరు గడప దగ్గర నిలబడి ఉందన్నాడు. ఆడిటరు గారు వచ్చి, పొద్దున్నే అయిదింటికి మైదానానికి రమ్మన్నాడు. మొదటిరోజే ఆయన దుప్పటి ముసుగు తీయలేదు. అప్పుడు అత్తయ్య, "వాడొక్కడే ఏం పోతాడమ్మా, నువ్వు తోడెళ్ళు. నీకు ఎలాగూ నాలుగింటికి మెలకువే కదా," అంది. నాకు నాలుగింటికి మెలకువ రాదు. తెచ్చుకుంటాను. ఆ గంటలో నలుగురికి వంట, అత్తయ్య కంట్లో చుక్కలు, చదువుకునే మా అమ్మాయికి అన్నం డబ్బా, ఆయన చొక్కాకి ఇస్త్రీ. ఆ పని మూడున్నరకి జరిగింది, అంతే. పని తగ్గలేదు, గడియారం ముల్లే వెనక్కి తిరిగింది.

వారానికి నాలుగు రోజులు వెళ్లాలి. అందులో రెండు రోజులు ఆయన అటు తిరిగి పడుకుని, "నువ్వెళ్ళిరా. ఆడిటరు గారు అడిగితే నాకు ఒళ్ళు వెచ్చబడిందని చెప్పు," అనేవారు. ఆ మాట చెప్పడానికి వెళ్లేదాన్ని. ఎలాగూ వెళ్లాను కదా అని రెండు చుట్లు తిరిగేదాన్ని. తర్వాత నాలుగు. తర్వాత పది. అబద్ధం చెప్పిరావడానికి వెళ్లి పరుగు నేర్చుకున్నాను.

ఆ గంటసేపు నన్నెవరూ పిలవరు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. ఇంటికొచ్చి అత్తయ్య ముందు "కాళ్లు లాగేస్తున్నాయి" అని మూలిగేదాన్ని. లాగేవి కావు. ఒళ్లు దూదిలా ఉండేది. ఆ మాట చెబితే గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి పట్టుబడ్డట్టు ఉంటుందని భయం.

పరుగు మొదలైంది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, ఆ పైన తొంభై ఏడున్నర మీటర్లు. రెండున్నర గంటల్లో ముగించాలని ఆడిటరు గారు పట్టిక వేశాడు. ఏడో కిలోమీటరు దగ్గర ఒక జెల్, పదిహేను దగ్గర రెండు బిళ్లలు, పదహారు దగ్గర రెండో జెల్, పద్దెనిమిది దగ్గర మిగతా రెండు బిళ్లలు. "మీరు పక్కనే ఉండాలమ్మా. ఆయన గడియారం మీరే," అని నాకు అప్పజెప్పాడు.

ఏడు దాకా బాగానే గడిచింది. జెల్ చింపి ఇచ్చాను, ఖాళీ ప్యాకెట్ తీసుకుని సంచిలో వేసుకున్నాను. బస్టాండు దాటాం, ఆసుపత్రి రోడ్డు దాటాం. పన్నెండు దగ్గర వంతెన ఎక్కేసరికి ఆయన అడుగు బరువెక్కింది.

"టైమెంత?"

చెప్పాను.

"రుమాలు."

ఇచ్చాను.

"అంత ముందుకి ఉరుకుతావేం? నీ వెనకాల పరిగెత్తాలా నేను?"

వెనక్కి తగ్గాను. తగ్గడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బల్ల అంచున పెట్టిన గుడ్డ తానులా ఉన్నాను. కొస వదిలితే చాలు, దొర్లుకుంటూ పోతుంది. కొస పట్టుకుని పరిగెత్తుతున్నాను.

పద్నాలుగో కిలోమీటరు పలక దగ్గర ఆయన ఆగి, కాలిబాట అంచు మీద కూర్చున్నారు. "లేసు ఊడింది. నువ్వు మెల్లగా పోతూ ఉండు, కట్టుకుని వచ్చేస్తా."

మెల్లగా పోతూ ఉన్నాను. అప్పుడే వెనక నుంచి ఒక గుంపు వచ్చి నన్ను కలుపుకుంది. ముందున్న అమ్మాయి వీపు మీద జెండా, దాని మీద రెండు గంటల పది నిమిషాలని రాసి ఉంది. ఆ జెండా వెనక నడిస్తే ఆ సమయానికి చేరతారు, అదీ ఆ అమ్మాయి పూచీ. మాకంటే పావుగంట వెనక బయలుదేరిన జట్టు అది. ఆ అమ్మాయి బడిలో ఆటల టీచరట.

"అక్కా, మీ అడుగు బాగుంది. వచ్చెయ్యండి నాతో."

"మావారు వెనకున్నారమ్మా."

"ఆయనకి తగ్గ జెండా ఆయనకి వస్తుందిలే అక్కా!"

గుంపంతా నవ్వింది. నేను వెనక్కి తిరిగాను. ఇరవై అడుగుల దూరంలో ఆయన లేసు కట్టుకోవడం లేదు. రెండు చేతులతో పిక్క పట్టుకున్నారు. తల ఎత్తి నన్ను చూశారు. చెయ్యెత్తారు. అరచెయ్యి కిందికి, వేళ్లు తనవైపుకి. ఆ చెయ్యి నాకు తెలుసు. రమ్మని. షాపులో ఎంత రద్దీలో ఉన్నా ఆ చెయ్యి లేస్తే నా చేతిలో కత్తెర ఆగిపోతుంది.

సంచి మీద చెయ్యి పెట్టుకున్నాను. డబ్బా తగిలింది.

ముందుకి తిరిగి జెండా వెనక పరిగెత్తాను.

గలగల. గలగల. అడుగడుక్కీ నాలుగు బిళ్లలూ రేకు డబ్బాలో మోగుతున్నాయి. పంతొమ్మిదేళ్లు తిండి పెట్టినవాణ్ణి నడిరోడ్డు మీద వదిలేశావు, అని ఒక అడుగు. ఎవరికి ఎవరు పెట్టారు తిండి, అని ఇంకో అడుగు. పిక్క పట్టేస్తే మనిషేమీ పోడు. కానీ ఆయన గుండెకి ఏమన్నా అయితే? వెనక్కి వెళ్దామా? ఇప్పుడు వెళితే ఎనిమిది వందల మీటర్లు. ఇప్పుడు వెళితే కిలోమీటరున్నర. వెళ్లని దూరాన్ని లెక్కపెడుతూనే ఉన్నాను, ముందుకి పోతూనే ఉన్నాను. పదహారు దగ్గర రుమాలు తీసి డబ్బా చుట్టూ దూర్చాను. చప్పుడు ఆగింది. ఆగాక ఇంకా అధ్వాన్నంగా ఉంది. దాహం వేసి ఆయన రెండో జెల్ కూడా నేనే తాగేశాను. తియ్యగా ఉంది. దొంగసొత్తు కదా.

పద్దెనిమిది దగ్గర సంచిలో ఆయన ఫోను మోగింది. ఇంటి నుంచి అత్తయ్య.

"కంటిచుక్కలు ఎక్కడ పెట్టావే? మనవరాలికి కనబడట్లేదట."

"ఫ్రిజ్ తలుపులో, రెండో అరలో, అత్తయ్యా."

"అంత రొప్పుతున్నావేం? వాడేడీ?"

"వెనకాల వస్తున్నారు."

నిజమే చెప్పాను. నిజం చెప్పి కూడా మనిషిని మోసం చేయొచ్చని అంతకుముందు నాకు తెలియదు.

ఇరవై ఒకటి పలక దాటాను. ఇక మిగిలింది ఆ తొంభై ఏడున్నర మీటర్లు. "ఆ ముష్టి తొంభై ఏడు ఎందుకు, కొట్టేస్తే పోయేది కదా," అని ఆయన ముందురోజు విసుక్కున్నారు. నాకు మాత్రం అది చూడగానే కొసరు అనిపించింది. షాపులో ఏ గుడ్డ కొలిచినా చివర నాలుగు వేళ్లు ఎక్కువ వదిలి కత్తిరిస్తాను. అడగకపోయినా వదులుతాను. ఇంట్లో కూడా అంతే, కొలిచిన పని అయిపోయాక ఆ పైన ఇంకో నాలుగు వేళ్లు. నాకెవరైనా కొసరు వేసిన రోజు గుర్తులేదు. ఆ తొంభై ఏడున్నర మీటర్లు ఒళ్లు తెలియకుండా ఉరికాను. గుడ్డ తాను కొస వదిలేశాను.

"నాలుగు వందల పన్నెండు బి!" అని మైకులో అరిచాడు ఒకాయన. కాసేపాగి, "ఎ ఎక్కడమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మెడలో పతకం వేశారు. పక్కకి వెళ్లి దాన్ని తీసి సంచిలో దాచాను. డబ్బా పట్టుకుని ఎదురెళ్దామంటే, పరుగుకి ఎదురు వెళ్లకూడదని, కాపలాకి కుర్చీ వేసుకుని కూర్చున్న నిర్వాహకురాలు ఆపింది. ఆపినందుకు ఎంత తేలిక పడ్డానో, అందుకు అంత సిగ్గుపడ్డాను. ముప్పావుగంట నిలబడ్డాను. వచ్చే ప్రతి కుంటికాలూ ఆయనదే అనిపించింది.

చివరికి ఆడిటరు గారి భుజం పట్టుకుని వచ్చారు. ఆడిటరు గారికి కూడా దమ్ము అయిపోయి, దారిలో కలిశాడట. మావారు నన్ను చూసి అన్న మొదటి మాట:

"నా ఉప్పు డబ్బా ఏది?"

తీసి ఇచ్చాను.

"ఇప్పుడెందుకు? నీళ్ల బల్ల దగ్గర ఎవరో ఇచ్చారు."

"ఏంటమ్మా ఇది," అన్నాడు ఆడిటరు గారు. "మనిషిని రోడ్డున పడేసి వచ్చేస్తారా? జంటల్లో మీ నంబరు పోయింది తెలుసా?"

నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "మరిచిపోయానండీ. డబ్బా నా దగ్గరే ఉందన్న సంగతే గుర్తులేదు. వెనకే వస్తున్నారనుకున్నాను."

ఇద్దరి ముఖాలూ చల్లబడ్డాయి. "ఆడవాళ్లకి పూనకం వస్తే అంతేనండీ," అన్నాడు ఆడిటరు గారు. ఇంటికెళ్లాక అత్తయ్య ముఖం మాడ్చుకుంటే మావారే నా తరఫున మాట్లాడారు. "మరిచిపోయిందటమ్మా." "దానికి మొదట్నుంచీ మతిమరుపేలే," అంది అత్తయ్య. ఏ గుడ్డ ఏ అరలో ఉందో, ఎవరి జాకెట్టుకి ఎంత పడుతుందో, ఆవిడ చుక్కలు ఏ పూట ఎన్నో కళ్లు మూసుకుని చెప్పే నాకు మతిమరుపు. ఒప్పుకున్నాను. చవకగా వచ్చిన క్షమాపణ, ఎందుకు వదులుకోవాలి?

రోజంతా చాకిరీతో ఆ చవకకి వెల చెల్లించాను. వేడినీళ్లు కాచాను, కాపడం పెట్టాను, అడగనివి వండాను. సాయంత్రం ఆయన మంచం మీద పడుకుని కాలు నా ఒళ్లో పెట్టారు. పిక్క ఒత్తుతున్నాను. ఆయన గొంతు మెత్తగా ఉంది. అలా ఉండటం అరుదు.

"నేను చెయ్యెత్తినప్పుడు నువ్వు నన్ను చూసినట్టే అనిపించింది తెలుసా? చూసి కూడా వెళ్లిపోయావనుకున్నా. అక్కడ కూర్చుని ఏదేదో ఆలోచించా. మరిచిపోయావని చెప్పాక మనసు కుదుటపడింది."

నా చెయ్యి ఆగింది.

ఆయన బేరం చెప్పేశారు. నేను "ఊఁ" అంటే చాలు. ఆ ఒక్క అక్షరానికి రేపటి నుంచి ఇల్లు ఇల్లులా, షాపు షాపులా ఉంటుంది. సంచిలో మళ్లీ జెల్, రుమాలు, డబ్బా సర్దుకుంటాను. ఏ వ్యాపారి అయినా తీసుకునే బేరమే. కానీ బల్ల వెనక నాకొక నియమం ఉంది. రంగు పోయే గుడ్డని పోదని చెప్పి ఎప్పుడూ అమ్మలేదు. "ఇది రంగు పోతుందమ్మా, చూసుకుని తీసుకోండి," అని చెప్పే అమ్మాను. అందుకే మా షాపుకి వస్తారు. పరాయివాళ్లకి చెప్పే పాటి నిజం ఈయనకి చెప్పలేనా?

"మరిచిపోలేదండీ," అన్నాను. "చూశాను. మీరు రమ్మన్నారని కూడా తెలుసు. డబ్బా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని మరీ వెళ్లాను."

ఆయన కాలు నా ఒళ్లోంచి తీసేసుకున్నారు. "ఎందుకు?" అన్నారు.

కారణాలు తానులకొద్దీ ఉన్నాయి. విప్పి పరవొచ్చు. కానీ అడిగిన కొలతకే కత్తిరించాను.

"బాగుంది. పరిగెత్తుతుంటే బాగుంది."

ఆయన గోడవైపు తిరిగారు. ఏడ్చారో లేదో నాకు తెలియదు. ఏడిస్తే అది నావల్లే. తెల్లవారి అయిదింటికి సంచిలో ఆయన రుమాలు, ఆయన ఫోను, ఆయన తాళం, ఆయన డబ్బా సర్ది, ఆయన బూట్ల పైనున్న కొక్కేనికి తగిలించి, ఒట్టి చేతులతో మైదానానికి వెళ్లాను. నడుము దగ్గర ఏమీ మోగలేదు. అయినా వింటూనే ఉన్నాను.

ఇక మిగిలిన లెక్క. పతకం ఒకటి, సంచిలోంచి తీసి సొరుగులో పడేశాను, ఇంకా అక్కడే ఉంది. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. కొసరు తొంభై ఏడున్నర మీటర్లు. ఉప్పు బిళ్లలు నాలుగు, వాడలేదు. తప్పు ఒకటి. దాన్ని మతిమరుపు ఖాతాలో వేసి కొట్టేయకుండా నేనే ఉంచుకున్నాను. పంతొమ్మిదేళ్లలో పూర్తిగా నా పేరు మీదున్న మొదటి ఆస్తి అది.