మేకపిల్ల దాటిన కప్పులు

చిన్నది వీడియో గేములు తయారు చేస్తానన్నప్పుడు బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఆడుకునే వయసు దాటాక ఈ ఆటలేమిటన్నారు. అక్క మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. రెండు కుర్చీల సెలూన్‌లో పొద్దస్తమానం నిలబడి ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే మనిషి ఆమె. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని ఆ కత్తెరతోనే పెంచింది, గేమ్ డిజైన్ కోర్సులోనూ చేర్పించింది.

కోర్సు అయిపోయింది. ఉద్యోగం అడగాలంటే సొంతంగా ఒక ఆట చేసి చేతిలో పెట్టాలి. చిన్నది ఒక మేకపిల్లను ఇళ్ళ కప్పుల మీద పరిగెత్తించింది. ఎడమ బొటనవేలితో పరుగు, కుడి బొటనవేలితో గెంతు. కప్పు అంచున పరుగు ఆపి గెంతించాలి. ఆపడం ఆలస్యమైందా, మేకపిల్ల వెళ్ళి వీధిలో పడుతుంది.

ఆటన్నాక ఎవరో ఒకరు ఆడి చూడాలి. గేమంటే ఏమిటో తెలియని మనిషైతే మరీ మంచిదని కోర్సులో చెప్పారు. అలాంటి మనిషి ఇంట్లోనే ఉంటే వేరే ఎవరిని వెతుక్కుంటుంది? మధ్యాహ్నం బేరాలు లేని వేళ అక్క ఖాళీ కుర్చీలో కూలబడి ఫోన్ అందుకునేది. కింద కత్తిరించిన జుట్టు ఇంకా ఊడ్చకుండానే ఉండేది.

ఆడేవాళ్ళకు సలహా ఇవ్వకూడదు. ఆటలో ఏం మార్చామో చెప్పకూడదు. ఎక్కడ విసుగు పుడుతోందో మొహమే చెబుతుంది కాబట్టి మొహం చూడాలి. ఇవీ కోర్సులో నేర్పిన పాఠాలు. చిన్నది కుర్చీ వెనక నిలబడి అద్దంలో అక్క మొహమే చూసింది. ఎంత బుద్ధిమంతురాలంటే, చేతుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మొదటి వారం అక్క కప్పులన్నీ అవలీలగా దాటేసింది. "నీ మేక నయమే. అద్దం చూపించగానే మా కస్టమర్లు ఇంతకంటే ఎత్తు గెంతుతారు" అని నవ్వింది.

మూడో వారం మేకపిల్ల వీధిలో పడడం మొదలైంది. అక్క నొసలు ముడిపడింది. లోపం తన ఆటలోనే ఉందనుకుని చిన్నది రెండు కప్పులను కాస్త దగ్గరికి జరిపింది. మర్నాడు అక్క దాటేసింది, మొహం వెలిగిపోయింది. పది రోజులకు మళ్ళీ పడింది. ఈసారి అంచులు వెడల్పు చేసింది. ఆ తర్వాత మేకపిల్ల వేగం తగ్గించింది. నాలుగు నెలల్లో అలా పదకొండు సార్లు. అక్క మొహం వెలిగినప్పుడల్లా అది తన పనితనమేనని చిన్నది లోలోపల మురిసిపోయింది.

ఇంటర్వ్యూలో పెద్ద డిజైనర్ ఆట మొత్తం ఆడాడు. ఆడేవాళ్ళు ఏ బటన్ ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు వదిలారో, తయారు చేసినవాళ్ళు ఎప్పుడేం మార్చారో ఆటే రాసి పెట్టుకుంటుంది. ఆ వివరాలు తెరిచి చాలాసేపు చూశాడు.

"పదకొండు సార్లు సులువు చేశారు. ఎందుకమ్మా?"

"ఆడేవాళ్ళు పడిపోతున్నారండి."

"ఎంతమంది ఆడారు?"

"ఒక్కరేనండి. మా అక్క."

ఆయన స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "ఆట కష్టమైతే రెండు వేళ్ళూ తడబడాలి కదా. కుడి వేలు మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఎడమ వేలొక్కటే వారం వారం వెనకబడుతోంది. అక్కను డాక్టరుకు చూపించారా?"

తలలో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి భయం లేదని, మూడు నెలల ముందు వచ్చుంటే చెయ్యి కూడా దక్కేదని చెప్పారు. ఆ చేతిలో ఇక దువ్వెన నిలవదు. ఒంటిచేత్తో జుట్టు కత్తిరించడం ఎవరి తరం?

ఉద్యోగం ఇస్తున్నామన్న కబురు ఆస్పత్రిలో ఉండగానే వచ్చింది. ఆడేవాళ్ళ ఇబ్బందిని కనిపెట్టే నేర్పు ఈ అమ్మాయికి ఉందని అందులో రాశారు. ఆ వాక్యం చదివి చిన్నదానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్క మాత్రం మంచం మీదే పొంగిపోయింది. ఆ సంతోషం చూడలేక చిన్నది తలదించుకుంది.

"చెయ్యి తిమ్మిరెక్కుతోందని ముందే చెప్పొచ్చుగా అక్కా."

"చెబుదామనే అనుకున్నానే. దువ్వెన జారినప్పుడల్లా భయమేసేది. కానీ నీ ఆట ఉందిగా. నిన్న పడ్డ చోట ఇవాళ దాటేసేదాన్ని. చెయ్యి దారికొస్తోంది, డాక్టరెందుకులే అనుకున్నా."

దాచుకుంటే దాగే విషయమే. చిన్నది దాచలేకపోయింది. కప్పులు జరిపింది, అంచులు పెంచింది, వేగం తగ్గించింది, పదకొండూ వరసగా చెప్పుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

అక్క ఒక్క మాట కూడా తిట్టలేదు. కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది.

"అయితే ఆ మొదటి రోజుల తర్వాత నేను ఒక్కసారీ గెలవలేదన్నమాట" అంది.