మసిరాణి వేషం

ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆ బడి పిల్లలంతా మంచినీళ్ళ కుళాయిల మీద పడతారు. తోసుకోవడం, కాళ్ళు తొక్కడం, ఒకరి సీసాలో నీళ్ళు ఇంకొకరి వీపు మీద ఒంపడం, అన్నీ అక్కడే. ఆ గుంపులో చేరకుండా ఆరో తరగతి పిల్ల ఒకతె కాస్త దూరంగా గోడకు ఆనుకుని నిలబడేది. అందరూ తాగి వెళ్ళాక చివరగా వచ్చి, దోసిలి పట్టి తాగి, కుళాయి కట్టేసి క్లాసుకు పరిగెత్తేది. పురాణ కథల పాఠం చెప్పే టీచరు వరండాలోంచి చాలాసార్లు ఇది గమనించింది. ఒకరోజు క్లాసులో ఆ పిల్లను లేపి నిలబెట్టి, "చూసి నేర్చుకోండి, నీళ్ళ దగ్గర ఎంత ఓపిగ్గా ఉంటుందో" అని మెచ్చుకుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వును టీచరు పట్టించుకోలేదు. మీరూ నేనూ అక్కడున్నా పట్టించుకునేవాళ్ళం కాదేమో. ఓర్పుగా నిలబడిన పిల్లను చూసి ముచ్చటపడతాం గాని, ఎందుకు నిలబడ్డావని అడిగే అలవాటు మనకెక్కడిది?

సంగతి మొదటినుంచీ చెబుతాను.

ఆ టీచరు పని దొంగ కాదు. కథలంటే ప్రాణం. వాటిని పిల్లలకు చెప్పాలన్న తాపత్రయమూ ఉంది. కానీ ఆ పాఠానికి ఇచ్చింది భోజనాల తర్వాతి పీరియడు. ఎండ కిటికీలోంచి బల్లల మీద పడుతుంటుంది, కడుపులు నిండి ఉంటాయి. ఆవిడ ఆకాశం పుట్టుక గురించి మొదలుపెట్టేసరికి సగం క్లాసు కునికిపాట్లు పడేది. పిల్లలు ఆ పీరియడుకు 'జోలపాట' అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు స్టాఫ్ రూముదాకా వచ్చింది. తోటి టీచర్లు నవ్వితే ఆవిడా నవ్వింది గాని, మనసు చివుక్కుమంది.

అదే పిల్లలు వారానికోసారి టీవీలో వచ్చే 'ఏడు మబ్బుల కోట' అనే సీరియల్ గురించి మాత్రం కొట్టుకు చచ్చేవారు. రెక్కల గుర్రం ఎగరగలిగినప్పుడు యువరాజు నడిచి వెళ్ళడమేమిటి, నిప్పు పక్షి నీళ్ళలో మునిగితే ఆరిపోతుందా, ఇవే వాళ్ళ తగువులు. టీచరు ఆ వారం ఇంట్లో కూర్చుని సీరియల్ చూసింది. చూస్తే అన్నీ తనకు తెలిసిన పాత కథలే. వాటికి కత్తులూ మంటలూ తగిలించి, గాల్లోకి లేపారు. ఆవిడకు ఆలోచన తట్టింది.

క్లాసులో టీవీ పెట్టిస్తానంటే హెడ్‌మాస్టారు మొదట తల పట్టుకున్నారు. పాఠం చెప్పమంటే సీరియల్ వేస్తానంటావేమిటమ్మా అన్నారు. ఆవిడ బతిమాలి ఒప్పించింది. వారం వారం ఒక భాగం రికార్డు చేసి తెచ్చి వేయడం, మధ్యలో ఆపి ప్రశ్నలు అడగడం. నెల తిరిగేసరికి జోలపాట పేరు మాయమైపోయింది. జ్వరంతో ఉన్న పిల్లలు కూడా ఆ పీరియడుకని బడికి వచ్చేవారు. హెడ్‌మాస్టారు ఇది తన ఆలోచనే అన్నట్టు పక్క బడులవాళ్ళకు చెప్పుకోసాగారు. అంతటితో ఆగక, తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ సీరియల్‌లోంచే ఒక నాటకం వేయించమన్నారు.

సీరియల్‌లో ప్రధానమైన దుష్టపాత్ర మసిరాణి. ఆమె ముఖంలో సగం నల్లగా ఉంటుంది. ఆమె వేలు తగిలితే చాలు, నీళ్ళు మసినీళ్ళయిపోతాయి. యువరాజు రెక్కల గుర్రమెక్కి ఆమెను వేటాడుతుంటాడు. పాత కథలో ఈమె ఇలాంటిది కాదని టీచరుకు బాగా తెలుసు. మొదటిసారి మసిరాణి తెర మీదికి వచ్చినప్పుడు, ఆ మాట చెప్పబోయి నోరు తెరిచింది కూడా. అప్పటికే పిల్లలు 'చంపు, చంపు' అని బల్లలు చరుస్తున్నారు. ఏనాడూ లేని హుషారు. దాని మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత రానే లేదు.

నాటకానికి వేషాలు ఎంచడానికి ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. తెర మీద పాత్ర కనబడగానే బొమ్మను ఆపేస్తుంది. మన క్లాసులో ఇలా ఎవరున్నారో పిల్లలే చెప్పాలి. పొడుగు కుర్రాడు యువరాజయ్యాడు. ఈనెపుల్లలా ఉండేవాడు మంత్రి అయ్యాడు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. మసిరాణి బొమ్మ దగ్గర ఆపగానే, క్లాసు లీడరు లేచి వేలు చూపించింది. ఆ అమ్మాయి గొంతు రెండు వీధులకు వినిపిస్తుంది, అందుకే అందరూ మైకు అంటారు.

"పిచ్చుక, టీచర్" అంది మైకు.

కుళాయి దగ్గర చివర నిలబడే పిల్ల గురించి చెప్పానే, ఆమే పిచ్చుక. సన్నగా, గబగబా నడుస్తుందని ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు అది. పుట్టుకతోనే ఎడమ కంటి కింది నుంచి దవడదాకా నల్లటి మచ్చ ఉంది. ఒకటో తరగతినుంచీ కలిసి చదువుతున్న పిల్లలు ఆ మచ్చను చూసి చూసి ఎప్పుడో చూడటం మానేశారు. ఇప్పుడు మళ్ళీ అందరూ ఒక్కసారి చూశారు. చప్పట్లు కొట్టారు. టీచరు కూడా నవ్వుతూ, "అయితే మేకప్ పని తప్పింది" అంది.

పిచ్చుకా నవ్వింది. అందరూ నవ్వుతుంటే నవ్వకుండా నిలబడటం పెద్దవాళ్ళకే చేతకాదు, ఆ పసిదానికి ఏం చేతనవుతుంది?

మర్నాడు కుళాయి దగ్గర ఎవరో, మసిరాణి ముట్టుకుంది, నీళ్ళు నల్లబడతాయి జాగ్రత్త అన్నారు. అది హాస్యమే. ఆ మర్నాడూ హాస్యమే. కొన్నాళ్ళకు ఆమె తాగిన కుళాయి దగ్గరికి ఎవరూ వెళ్ళకపోవడం మామూలైపోయింది. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఫిర్యాదు చేయడానికి వీలైన పని ఒక్కటీ జరగలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆమే చివర నిలబడటం నేర్చుకుంది. దానికే టీచరు మెచ్చుకుంది.

పిచ్చుక తల్లి దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. నాటకం దుస్తులు కుట్టే పని బడివాళ్ళు ఆమెకే అప్పగించారు. పిల్లలందరి కొలతలూ తీసుకున్నాక ఒక సాయంత్రం కూతుర్ని నిలబెట్టి, మెడ కొలత కోసం గడ్డం పట్టుకుని పైకెత్తింది. చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. మచ్చ అంతా గీరుకుపోయి, చర్మం లేచిపోయి, అక్కడక్కడ నీరు కారుతోంది. పిచ్చుక నాలుగు రోజులుగా జుట్టు ముందుకు వేసుకుని తిరుగుతుంటే ఏదో కొత్త సోకు అనుకుంది తల్లి.

దోమ కుడితే గోక్కున్నానంది పిల్ల. తల్లి స్నానాలగదిలోకి వెళ్ళి చూసింది. గిన్నెలు తోమే పీచు అక్కడుంది. దాన్ని తెచ్చి మిషను మీద పెట్టి, కూతురి ముందు కూర్చుంది.

"ఎందుకే ఇలా చేశావు?"

"నాటకం లోపు ఇది పోతే, రాణి వేషం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు కదమ్మా."

నీకు ఏ వేషం ఇష్టమని అడిగింది తల్లి. గుర్రం అంది పిచ్చుక. మొదటినుంచీ గుర్రమేనట. చెప్పే వీలే దొరకలేదట. అప్పుడు తల్లికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయిన వారమే, గుండీలు కుడుతూ ఆ సీరియల్ చూస్తూ, 'ఈ దయ్యం మొహందాన్ని ఎప్పుడు చంపుతారో' అని తనే అంది. పిచ్చుక పక్కనే కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

మరునాడు ఆమె దుస్తుల మూట పట్టుకుని బడికి వెళ్ళింది. స్టాఫ్ రూములో టీచరు ఒక్కతే ఉంది.

"అన్నీ కుట్టాను టీచర్ గారూ. నల్ల గౌను మాత్రం కుట్టలేదు. నాకు చేతులు రాలేదు" అని, జరిగిందంతా చెప్పింది. గొంతు పెంచలేదు. ఇంత జరుగుతుంటే పిల్ల నాతో ఒక్క మాటైనా చెప్పలేదే అంది టీచరు.

"నీళ్ళ దగ్గర ఓపిగ్గా ఉంటుందని అందరిముందూ మెచ్చుకున్నారంట కదండీ. ఇంకేం చెప్తుంది? మిమ్మల్ని అనడానికి రాలేదు నేను. ఆ సీరియల్ మేమూ చూస్తాం. ఇంట్లో నేనూ అలాగే మాట్లాడాను. ఇంట్లో నేను, బళ్ళో మీరు. ఇక పిల్ల ఎక్కడికి పోతుంది?"

ఆ తల్లి తిట్టిపోసినా బాగుండేదనిపించింది టీచరుకు.

సంగతి విని హెడ్‌మాస్టారు టీవీ తీయించేద్దామన్నారు. వేలు చూపించమంది టీవీ కాదండీ, నేను, అంది టీచరు. ఇంకొక్క పాఠం దానితోనే చెప్పనివ్వమంది.

ఆ పీరియడులో మామూలుగానే సీరియల్ వేసింది. మసిరాణి ఊట దగ్గరికి వచ్చి, నీళ్ళలో వేలు ముంచబోతుండగా ఆపింది. "ఇక్కడినుంచి పాత కథ చెబుతాను. ఇది నాకు ముందే తెలుసు. మీ సరదా పాడవుతుందని దాచాను. తప్పు చేశాను" అని మొదలుపెట్టింది.

పాత కథలో ఆమె పేరు ఊటతల్లి. లోకంలో నీళ్ళన్నీ ఎండిపోయి, కొండ మీద ఒకే ఒక్క ఊట మిగిలింది. ఆకాశంలోంచి కాలుతున్న బండ ఒకటి ఆ ఊట మీదికి దొర్లుకుంటూ వచ్చింది. పారిపోయేవాళ్ళు పారిపోయారు. ఆమె మాత్రం భుజమూ చెంపా ఆనించి బండను ఆపింది, పక్కకు తోసింది. సగం ముఖం మాడిపోయింది. ఊట బతికింది. రెక్కల గుర్రం కూడా ఆ నీళ్ళు తాగే బతికింది. అప్పటినుంచీ అక్కడ దప్పిక తీర్చుకునేవాళ్ళు ముందు ఆమె ముఖం చూసి, తర్వాత నీళ్ళు తాగేవారు.

ఈనెపుల్ల మంత్రి, మరి టీవీవాళ్ళు ఎందుకలా మార్చారని అడిగాడు. ఎవరో ఒకరు చెడ్డవాళ్ళు లేకపోతే వారం వారం ఎవరితో కొట్లాడతారని ఇంకొకడు జవాబిచ్చాడు. అది సరైన జవాబేనని టీచరు ఒప్పుకుంది. కథలు మారుతూనే ఉంటాయి, ఎవరు మార్చారు, ఎవరికోసం మార్చారు అని అడగడమే మన పాఠం అంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

"టీవీవాళ్ళు కథను మాత్రమే మార్చారు. మన కుళాయిని మసిరాణి ఊటగా మార్చింది ఎవరు?"

ఎవరూ తలెత్తలేదు. మైకు గొంతు ఆవేళ ఎక్కడికి పోయిందో.

కానీ పిల్లలు పిల్లలే. రాణి మంచిదని తేలగానే ఆ వేషానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నాకంటే నాకన్నారు. చివరికి న్యాయం గుర్తొచ్చి, అది పిచ్చుకదే, ఇప్పుడు మంచి వేషమే కదా అని ముక్తకంఠంతో తేల్చారు. టీచరుకూ అదే సబబనిపించి, సరేననబోయింది. అప్పుడు పిచ్చుక లేచింది.

"నాకొద్దు టీచర్. అప్పుడూ మచ్చ ఉందని ఇచ్చారు, ఇప్పుడూ మచ్చ ఉందనే ఇస్తున్నారు. నాకు గుర్రం కావాలి."

టీచరు రెండోసారి పప్పులో కాలేయబోయి ఆగింది. పాత పద్ధతి చెరిపేసి, ఎవరికి ఏ వేషం కావాలో అడిగింది. పోటీ ఉన్నచోట మాటలు చదివించి ఎంచింది. ఊటతల్లి మాటలు కొండ మీదినుంచి వినపడాలి కాబట్టి ఆ వేషం మైకుకే దక్కింది.

సమావేశం రోజున నాటకం బాగానే జరిగింది. బండ ముందే దొర్లిపోయి తెర చాటున పడింది, యువరాజు మాటలు మరిచిపోయాడు, అయినా చప్పట్లు మోగాయి. తెల్లగుడ్డతో తల్లి కుట్టిన రెక్కలు ఆడిస్తూ పిచ్చుక వేదికంతా పరిగెత్తింది. అట్టతో చేసిన గుర్రం తల ఉక్కపోస్తోందని నెత్తి మీదికి తోసేసుకుంది. చెంప మానిపోయింది, మచ్చ ఎప్పటిలాగే ఉంది.

నాటకం అయ్యాక మైకు నీళ్ళకోసం కుళాయి దగ్గరికి వెళ్ళింది. చెంపకు పూసిన నల్లరంగు ఎంత కడిగినా వదల్లేదు. ఒకటో తరగతి పిల్లలు ఆమెను చూసి మసిరాణి, మసిరాణి అంటూ చెల్లాచెదురుగా పరిగెత్తారు. వాళ్ళు నాటకం జరుగుతుంటే నిద్రపోయారు, సీరియల్ మాత్రమే తెలుసు. మైకు దోసిలి పట్టినది పట్టినట్టే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాస్త జరుగు, నాకూ దాహంగా ఉంది" అంటూ పిచ్చుక రెక్కలతోనే వచ్చి, అదే కుళాయి కింద దోసిలి పట్టి తాగింది.

వరండాలోంచి చూస్తున్న టీచరు ఈసారి అక్కడే నిలబడలేదు. మెట్లు దిగి, పరిగెత్తిన పిల్లల్లో ఒకణ్ణి పట్టుకుని ఎందుకు పరిగెత్తావని అడిగింది. వాడు చెప్పిందంతా విన్నాక, వాణ్ణీ మిగతావాళ్ళనీ కుళాయి గట్టు మీద కూర్చోబెట్టి ఊటతల్లి కథ మొదలుపెట్టబోయింది. ఇంతలో హెడ్‌మాస్టారు వచ్చి, తల్లిదండ్రులంతా లోపల ఎదురుచూస్తున్నారని, నాటకం చాలా బాగుందంటున్నారని, నాలుగు మాటలు చెప్పాలని పిలిచారు.

"ఇదయ్యాక వస్తానండీ" అంది ఆవిడ. "కథ పుస్తకంలోంచి చెప్పినా, టీవీలోంచి చెప్పినా, చెప్పడంతో మన పని అయిపోదు. అది కుళాయి దగ్గర ఏం చేస్తోందో వచ్చి చూసుకోవాలి."