మలుపులో కాలు తియ్యకు

పామర్రు దాటాక కాలవ వెంట పోయే రోడ్డు ఒకచోట ఎడమకి గట్టిగా తిరుగుతుంది. కుడిపక్క నిండు కాలవ, ఎడమపక్క కొత్తగా నాట్లేసిన చేలు. ఆ మలుపులో తూము పక్కన నిలబడి, తమ్ముడు తోలుకొస్తున్న ఎర్ర కారుకేసి చూస్తున్నాడు మీరావలి.

కారు దూసుకొచ్చింది. సగం మలుపు తిరిగిందో లేదో, ఇంజను గొంతు ఒక్కసారిగా తగ్గింది. వెనక భాగం ఎవరో ఎత్తినట్టు పైకి లేచింది. బయటివైపు చక్రం లోపలికి మడతపడింది. కారు బొంగరంలా తిరిగి, రోడ్డు దిగి, చేలోకి పోయి బురదలో కూరుకుపోయింది.

మీరావలి ఎలా పరిగెత్తాడో అతనికే తెలీదు. లుంగీ బురదలో ఈడుస్తూ వెళ్ళి తలుపు లాగాడు. లోపల అష్ఫాక్ స్టీరింగు వదలకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏం కాలేదన్నా" అన్నాడు.

ఎడమకి పోయింది కాబట్టి చేలో పడ్డాడు. కుడికి పోయి ఉంటే కాలవలో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ మాట అన్నదమ్ములిద్దరికీ తట్టింది, ఇద్దరూ పైకి అనలేదు. గట్టు మీదనుంచి ఆ చేను ఆసామి మాత్రం అందరి వంతూ తానే మాట్లాడాడు. "నాట్లు మీ అబ్బ వేశాడంట్రా? రోడ్డు చాల్లేదా మీకు?" అని తిట్టి తిట్టి, ఆఖరికి తన ట్రాక్టరే తెచ్చి కారుని బయటికి లాగాడు.

ఆ కారు ధనుంజయ్‌ది. పెడనలో తరాలుగా చేనేత బట్టల వ్యాపారం వాళ్ళది. అందరికీ బట్టల పిచ్చి, ఇతనికి కార్ల పిచ్చి. ఎవరో తేయాకు తోటల దొర వాడి వదిలేసిన రెండు సీట్ల ఇంగ్లీషు బండి, తనకంటే వయసులో పెద్దది, వెతికి పట్టుకున్నాడు. మద్రాసు ఆవల శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద పాత కార్ల పందెంలో దాన్ని దింపాలని అతని కోరిక. తోలేది అష్ఫాక్. బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, వెనక కమాన్లు, గట్టిపరిచే పని ఆటోనగర్లో కమాన్ షెడ్డు పెట్టుకున్న మీరావలిది. పందెం వచ్చే ఆదివారం.

"మీ తమ్ముడికి భయంగా ఉంటే చెప్పెయ్యండి మీరావలి గారూ. కోయంబత్తూరు నుంచి వేరే డ్రైవర్ని పిలిపిస్తాను" అన్నాడు ధనుంజయ్, బురద కారుతున్న కారుని చూస్తూ.

"ఈ సీట్లో ఇంకోడు కూర్చోడండీ" అన్నాడు అష్ఫాక్. మీరావలికి వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. కన్నబిడ్డలాంటి తమ్ముడు. తండ్రి పోయేనాటికి వాడికి నడక కూడా సరిగ్గా రాదు. అన్న చెయ్యి పట్టుకునే పెరిగాడు. ఇప్పటికీ సిగరెట్టు తాగుతూ అన్న ఎదురైతే చెయ్యి వీపు వెనక్కి పోతుంది. అంత గౌరవం ఉన్నవాడు ఈ ఒక్క విషయంలో మాత్రం తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు.

మర్నాడు పొద్దున్నే మీరావలి కారుకి జాకీ పెట్టి, ఎత్తుతూ కిందకి వంగి చూశాడు. ఆ బండి వెనక చక్రాలు రెంటికీ కలిపి అడ్డంగా ఒకే కమాను కట్ట. కారు పైకి లేచేకొద్దీ రెండు చక్రాలూ అడుగున లోపలికి ముడుచుకుపోయాయి. ఎవరినీ అనక్కర్లేదు. చేసింది తనే.

ఆటోనగర్లో ఒక మతం ఉంది. అది హిందువులదీ కాదు, ముస్లిములదీ కాదు, కిరస్తానీలదీ కాదు. కమానువాళ్ళది. వెనక లేచి నిలబడ్డదే బండి, కుంగినది తుక్కు అన్నది అందులో మొదటి సూత్రం. ఇసుక లారీ వచ్చినా, ఇటుకల ట్రక్కు వచ్చినా ఇంకో పట్టీ వెయ్యి, ఇంకాస్త వంపు లేపు. మీరావలి చేయి ముప్పయ్యేళ్ళుగా ఆ పనే చేసింది. ఈ కారుకీ అలవాటుగా ఒక పట్టీ ఎక్కువేసి, వంపు లేపి, వెనక్కి వచ్చి చూసి మురిసిపోయాడు. లారీకి బలమైనది ఈ బండికి యముడైంది. ఎత్తుగా ఉన్న వెనక భాగం మలుపులో ఇంకాస్త లేస్తే చాలు, చక్రం కిందికి మడిచి బండినే తిప్పేస్తుంది.

ఇంకో తప్పు కూడా జరిగింది. కమాను కట్టినవాడే మొదటి సవారీకి ఆ బండెక్కాలి, అది వాళ్ళ నాన్ననాటి నుంచి ఆ షెడ్డు ఆచారం. చావైనా బతుకైనా కట్టినవాడికే ముందు తెలియాలనేవాడు నాన్న. ఈసారి చక్రం ఎలా ఆడుతుందో బయటినుంచి చూద్దామని మీరావలి మలుపులో నిలబడ్డాడు.

"తప్పు నాదేరా" అన్నాడు తమ్ముడితో, ధనుంజయ్ వింటుండగానే. "పట్టీ తీసేస్తాను. వంపు తగ్గిస్తాను."

"తీస్తే మెత్తబడదాండీ?" అన్నాడు ధనుంజయ్.

"వెనక కుంగాలండీ దీనికి. చక్రాలు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడాలి. మెత్తదనం షాకబ్జర్లు మారిస్తే పోద్ది."

ఎక్కువేసిన పట్టీ పీకి అవతల పారేశాడు. మిగిలినవాటిని కొలిమిలో కాల్చి, సుత్తితో వంపు దించి, మళ్ళీ నూనెలో ముంచి పదును పెట్టాడు. గట్టి షాకబ్జర్లు బిగించాడు. చక్రం ఒక హద్దు దాటి కిందికి వేలాడకుండా, రైసుమిల్లు బెల్టు ముక్కలు కోసి రెండు పక్కలా పట్టీల్లా కట్టాడు. కారు నేలమీదకి దిగాక వెనక భాగం చతికిలబడినట్టు కనిపించింది. పక్క షెడ్డు ఇశ్రాయేలు వచ్చి చూసి, "ఏం మామా, బండి కూర్చుండిపోయింది, ముసలాడివైపోయావా?" అని ఎగతాళి చేశాడు.

ఇంట్లో తల్లి సైదాబీ మాత్రం ఒకటే మాట. "వాణ్ణి మానిపించలేవని నాకు తెలుసు. నీ కళ్ళెదురుగా ఉంచుకో నాయనా. నువ్వు కనపడుతుంటే వాడికేం కాదు."

"అలాగేనమ్మా" అన్నాడు మీరావలి.

మళ్ళీ అదే రోడ్డు, అదే మలుపు. ఈసారి మీరావలి కార్లో తమ్ముడి పక్కన కూర్చున్నాడు. సీటు నేలకి ఎంత దగ్గరగా ఉందంటే, రోడ్డు మీద కంకర తొడలకిందే పోతున్నట్టుంది.

"మొన్నటంత జోరుగానే పో" అన్నాడు.

అష్ఫాక్ తలూపాడు. కారు ఊపందుకుంది. తూము కనబడింది, కాలవ నీళ్ళు మెరిశాయి. స్టీరింగు ఎడమకి తిరిగింది. మీరావలి బరువంతా తమ్ముడి మీదకి ఒరిగింది. వెనక చక్రాలు రోడ్డుని కరుచుకుని ఉన్నాయి, అది అతనికి నడుములో తెలుస్తోంది. కమాను నిలబడింది.

అంతలో ఇంజను గొంతు తగ్గడం మొదలైంది. వెనక భాగం తేలిక కావడం కూడా నడుములోనే తెలిసింది. మీరావలి కిందికి చూశాడు. అష్ఫాక్ కుడి మోకాలు పైకి లేస్తోంది, యాక్సిలరేటర్ మీదనుంచి కాలు వచ్చేస్తోంది.

అరిచేంత వ్యవధి లేదు. చెయ్యి మాత్రం కదిలింది. తమ్ముడి మోకాలి మీద అరచెయ్యి వేసి, పట్టీని దిమ్మమీద అదిమినట్టు బలంకొద్దీ కిందికి నొక్కాడు. ఇంజను మళ్ళీ అరిచింది. వెనక భాగం కుంగింది. కారు మలుపు దాటి తిన్నటి రోడ్డు మీదకి వచ్చేసింది.

కొంత దూరం పోయాక అష్ఫాక్ కారాపాడు.

"ఎందుకు తీశావురా కాలు? మలుపులో కాలు తీస్తే వెనకంతా లేస్తదని నువ్వే గదరా నాకు చెప్పావు!"

అష్ఫాక్ కాలవకేసి తిరిగాడు.

"చెప్పరా!"

"నువ్వున్నావు గదన్నా పక్కన."

"మరి మొన్న? మొన్న నేను లేను గదా?"

"మొన్న నువ్వు తూము దగ్గర నిలబడ్డావు. నీ ముందు అంత స్పీడు ఎట్లా పోవాలా అనిపించింది. కాలు దానంతటదే వచ్చేసింది."

మీరావలికి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఊరంతా పెద్దల్ని లెక్కచెయ్యని కుర్రాళ్ళ మీద పడి ఏడుస్తోంది. వీడు లెక్కచేసి చావబోయాడు. మొదటిసారి పోయినా, ఇవాళ పోయినా, పోయేది అన్నంటే ఉన్న భయభక్తుల వల్లే. పట్టీ తీసేస్తే తన తప్పు తీరింది. ఈ తప్పు తియ్యడానికి ఏ షెడ్డులోనూ పనిముట్టు లేదు.

ఆదివారం శ్రీపెరుంబుదూరులో ఎండ మాడ్చేస్తోంది. అష్ఫాక్ హెల్మెట్టు పెట్టుకుంటూ జనంలోకి చూశాడు. "ఎక్కడ కూర్చుంటావన్నా?"

తల్లికిచ్చిన మాట మీరావలికి గుర్తుంది. కళ్ళెదురుగా ఉంచుకుంటానన్నాడు.

"నేను కూర్చోను" అన్నాడు. "నాకు చూసే ధైర్యం లేదు. క్యాంటీన్‌లో టీ తాగుతా. అయిపోయాక పిలువు."

అష్ఫాక్ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత ఆ భుజాలు తేలికపడటం మీరావలి చూశాడు. ఆ తేలిక అతనికి గుచ్చుకుంది, అయినా అదే కావాలనుకున్నాడు.

టీ తాగలేదు. ట్రాక్ చివరి మలుపుకి దగ్గర్లో నీళ్ళ ట్యాంకుంది. దాని గోడ వెనక్కి, ఏ కారులోంచి చూసినా కనపడని చోటికి పోయి నిలబడ్డాడు. చెవులు మాత్రం ట్రాక్ మీదే ఉన్నాయి. జెండా ఊపినట్టున్నారు, అవతల కార్లన్నీ ఒక్కసారిగా రొద చేశాయి. ఆ రొదలో తన బండి గొంతు ఏదో అతనికి తెలుసు.

అది దగ్గరకొస్తోంది. మలుపులోకి వచ్చింది. టైర్లు కీచుమన్నాయి. మీరావలి కళ్ళు మూసుకుని, అరచెయ్యి గోడకి ఆనించి, బలంకొద్దీ నొక్కాడు.

ఇంజను గొంతు తగ్గలేదు.

కారు మలుపు దాటి దూరమయ్యేదాకా అతను గోడని వదల్లేదు. అది మళ్ళీ చుట్టి వస్తుందని గుర్తొచ్చి, లుంగీకి చెయ్యి తుడుచుకుని, మళ్ళీ అక్కడే ఆనించాడు.