తరుగు

సంచి చిన్నది. అక్క పెట్టమంటున్న సామాను ఎక్కువ. చెల్లెలు మంచం అంచున కూర్చుని రెండు నైటీలు, తువ్వాలు, ఉన్ని శాలువా మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చింది. శాలువా పైకి తన్నుకొస్తుంటే మోచేత్తో అదిమింది.

"మందుల చీటీలు పెట్టావా?" కుర్చీలోంచి అక్క అడిగింది.

"పెట్టాను."

"దువ్వెన?"

"పెట్టానక్కా."

"నువ్వు పెట్టానంటే నాకు నమ్మకం లేదే. పోయినసారి మర్చిపోయి మూడు రోజులు నన్ను నెత్తిన పిచ్చుక గూడుతో కూర్చోబెట్టావు. పక్క మంచం ఆవిడ గుడ్లేమైనా దొరుకుతాయా అని చూసింది."

చెల్లెలు నవ్వలేదు. లేచి అలమర సొరుగులోంచి దువ్వెన తీసుకొచ్చి సంచి పక్క జేబులో పెట్టింది. అక్క చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజు సోమవారం. మంగళవారం ఆపరేషను. అక్క కిడ్నీలు పాడై రెండేళ్ళు దాటింది. వారానికి మూడు రోజులు ఆస్పత్రి బండి వచ్చి తీసుకెళ్తుంది, రక్తం కడిగి సాయంత్రానికి దింపేస్తుంది. దిగిన ప్రతిసారీ మనిషి కొంచెం చిన్నదై దిగుతోంది. పరీక్షలన్నీ చేశాక చెల్లెలి కిడ్నీ అక్కకి సరిపోతుందన్నారు. సరిపోనిది చెల్లెలి బరువు.

"ఇంత బరువు మీద మత్తిచ్చి కోస్తే మీ ప్రాణానికే ప్రమాదం," అన్నాడు డాక్టరు. "డెబ్బై రెండు కిలోలకి దిగి రండి. ఆ పైన ఎంతున్నా నేను కత్తి పట్టను."

ఆ రోజు ఆస్పత్రి కాటా ఎనభై నాలుగు చూపించింది. పన్నెండు వారాల గడువిచ్చారు. ఆ గడువు ఈ రోజుతో తీరుతుంది.

బయట బండి హారను మోగింది. చెల్లెలు సంచి ఒక చేత్తో, అక్క మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని మెట్లు దింపింది. బండి ఎక్కాక అక్క అద్దం కిందికి దించింది.

"నాలుగింటికి వచ్చెయ్. ఆ షెడ్డులో కూర్చుని ఇంకో లోడు ఇంకో లోడు అంటూ ఉండకు. వినపడుతోందా?"

"వస్తాను."

"ఏమైనా తిన్నావా?"

"కాటా ఎక్కాక తింటాను."

"అయ్యో రాత," అంది అక్క. బండి కదిలింది.

చెల్లెలు పార్సిల్ షెడ్డులో తూకం వేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అక్కడ ఆమెను అందరూ కాటామ్మ అంటారు. రేకుల పైకప్పు, సిమెంటు నేల, ఒక పక్క లారీలు వెనక్కి వచ్చి ఆగే గట్టు. గట్టుకి నాలుగడుగుల దూరంలో నేలకి బిగించిన ఇనుప పళ్ళెం, దాని వెనక నిలువు స్తంభం, స్తంభం మీద పెద్ద గడియారం లాంటి గుండ్రటి ముఖం, అందులో ఒకే ఒక నల్లటి ముల్లు. సరుకంతా షెడ్డు తాలూకు నీలం ప్లాస్టిక్ పెట్టెల్లోనే వస్తుంది. పెట్టె పళ్ళెం మీద పెడతారు, ముల్లు ఊగి నిలబడుతుంది, కాటామ్మ అంకె చెప్పి చీటీ రాస్తుంది. ముల్లు ఊగుతుండగానే అది ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుస్తుంది. లారీలవాళ్ళు ఆమె అంకెతో వాదించరు.

గడువిచ్చిన రోజే ఆస్పత్రి నర్సు ఒక కాగితం రాసిచ్చింది. వారానికి ఒక్కసారే బరువు చూసుకోవాలి. ఎప్పుడూ ఒకే రోజు. నిద్ర లేచి, బాత్రూముకి వెళ్ళొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకముందు. పల్చటి బట్టలతో. ఎప్పుడూ ఒకే కాటా మీద. చివరి మాట కింద నర్సు రెండు గీతలు గీసింది. "కాటాలు మార్చారంటే మీకు మతి పోతుంది," అని నోటితో కూడా చెప్పింది.

"ఇంట్లోకి చిన్న కాటా ఒకటి తెచ్చుకోవే," అంది అక్క అప్పట్లో.

"అవి బొమ్మలక్కా. నిలబడే చోటు జరిగితే కిలో మారుతుంది. మా కాటాని ఏటేటా సర్కారువాళ్ళు సరిచూసి ముద్ర వేసి వెళ్తారు."

కాటా విషయంలో కాటామ్మ మాట మీద మాట చెప్పడానికి అక్కకి ధైర్యం చాలలేదు.

మొదటి ఉదయం ఖాళీ కడుపుతో, నోరు కూడా తడుపుకోకుండా షెడ్డుకి వచ్చి, పళ్ళెం మీదున్న పెట్టెను దించి, చెప్పులు విడిచి ఎక్కింది. ఎనభై రెండు. ఒక్క రోజు పస్తుకి రెండు కిలోలు! మొదట్లో నీరు తొందరగా పోతుందని నర్సు ముందే అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఈ లెక్కన నెలలో మాయమైపోతావు, జాగ్రత్త," అంది అక్క, ఆమె చెయ్యి వదలకుండా.

వారానికి ఒకసారి అనే మాట మాత్రం ఆమె వల్ల కాలేదు. రోజంతా కాటా పక్కనే నిలబడే మనిషి. లారీకి లారీకి మధ్య పళ్ళెం ఖాళీగా కనబడితే కాళ్ళు వాటంతట అవే అటు నడిచేవి. టిఫిను ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. గ్లాసు నీళ్ళకి పావు కిలో పెరుగుతుందని కనిపెట్టింది. మధ్యాహ్నానికి కిలో ఎక్కువ చూపిస్తే, తిన్న నాలుగు కీర ముక్కలూ విషంలా తోచేవి. సాయంత్రానికి ఇంకా పెరిగితే కడుపు మాడ్చుకుని పడుకునేది. పొద్దున్నకి తగ్గితే ప్రాణం లేచొచ్చేది. అంకెలన్నీ షెడ్డులోని అలమర తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసేది. ఒక్కో రోజుకి ఎనిమిది, తొమ్మిది.

"కాటామ్మా," అన్నాడు మూటలెత్తే మేస్త్రి ఒకరోజు. షెడ్డులో ఆమె కంటే పాతవాడు అతనొక్కడే. "రోజుకి పదిసార్లు ఎక్కితే కాటా అరుగుతుంది గానీ మీరు అరగరు."

"నీ పని నువ్వు చూసుకో మేస్త్రీ."

"చూసుకుంటా. చీటీ అంటించి లారీ ఎక్కించమంటే అదీ చేస్తా. ఎక్కడికి పంపమంటారో చెప్పండి."

ఎక్కడికీ వెళ్ళని మనిషి ఆమె. తన ఒంటి మీది బరువు ఎప్పుడెప్పుడు చేరిందో ఆమెకు తెలుసు. అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన ఏడాది అమ్మ, ఆమె ఇద్దరే మిగిలారు. అలవాటు కొద్దీ మూడో మనిషికి వండింది తినేవాళ్ళు లేక, పారేయబుద్ధి కాక ఆమే తినేది. అమ్మ పోయాక రేడియో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. రేడియో ఆపేస్తే గదిలో ఏమీ ఉండేది కాదు, అందుకని కార్యక్రమం అయిపోయేదాకా పళ్ళెం ముందు నుంచి లేచేది కాదు. మధ్యలో ఒక డ్రైవరు ఉండేవాడు. వారానికి రెండు లోడ్లు తెచ్చేవాడు. తూకం అయిపోయాక కూడా గట్టు మీద కూర్చుని ఆమె టిఫిను డబ్బాలోంచి తినేవాడు. రెండేళ్ళు అలా గడిచాక, ఒక నెల వేరే డ్రైవరు వచ్చాడు. పాతాయన ఏడని ఆమె అడగలేదు. అడగకపోయినా మేస్త్రే చెప్పాడు, దూరపు రూటు అడిగి తీసుకున్నాడని. ఆ చలికాలంలో ఆమె పని కోటు గుండీలు జరిపి కుట్టుకుంది.

పెళ్ళైన పదకొండేళ్ళకి అక్క తిరిగొచ్చింది. ఒక పెట్టె, ఒక కుట్టుమిషను. భర్త గురించి ఒక్క ముక్కే అంది: "అయిపోయిందే." ఆ పూట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. అప్పటినుంచి రేడియో పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు పన్నెండు వారాల నుంచి చెల్లెలు వేరుగా తింటోంది. అక్క పథ్యం వేరు, తన పథ్యం వేరు. ఒక గుడ్డు, ఉడకబెట్టిన కూరగాయలు, సగం రొట్టె. పని కోటు గుండీలు మళ్ళీ వెనక్కి వచ్చాయి. మోకాళ్ళ నొప్పి పోయింది. లారీలవాళ్ళు కొందరు గుర్తుపట్టలేదు. అవేవీ ఆమెకు పట్టలేదు. ఇంట్లో రెండో మనిషి ఉండాలంటే ముల్లు డెబ్బై రెండు దాటకూడదు. ఆమె పెట్టుకున్న లెక్క అదొక్కటే.

ఈ ఉదయం షెడ్డు తాళం తీసి నేరుగా కాటా దగ్గరికి వెళ్ళింది. పెట్టె దించింది. చెప్పులు, కోటు, తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కి, ఊపిరి బిగబట్టి, తల తిప్పి ముల్లు చూసింది. డెబ్బై ఒకటి ఎనిమిది వందల గ్రాములు.

మూడుసార్లు దిగి ఎక్కింది. మూడుసార్లూ అంతే.

పదింటికి మొదటి లారీ వచ్చింది. పన్నెండింటికి రెండోది. భోజనం వేళకి గుడ్డు తినలేదు. నీళ్ళు రెండు గుక్కలు తాగి, మూడోది నోట్లోనే ఉంచుకుని కాసేపు ఆలోచించి ఉమ్మేసింది. అది మేస్త్రి చూశాడు. మూడున్నరకి ఆమె కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే దగ్గరికి వచ్చాడు.

"మీ అక్కగారికి బాగవుతుందమ్మా," అన్నాడు. "మీరు వచ్చేదాకా తూకం నేను చూసుకుంటా."

"ముల్లు పూర్తిగా ఆగాకే రాయి. తొందరపడకు."

"ముప్ఫై ఏళ్ళుగా మిమ్మల్నే కదా చూస్తున్నా."

ఆస్పత్రి మూడో అంతస్తు నడవాలో గోడ పక్కన తెల్లటి కాటా ఉంది. నర్సు ఆమెకు పల్చటి గౌను ఇచ్చి మార్చుకోమంది. ఆమె ఎక్కింది. ఎర్ర అంకెలు కాసేపు మారి ఆగాయి.

"డెబ్బై మూడు ఎనిమిది వందలు," అంది నర్సు.

"కాదు. డెబ్బై ఒకటి."

"ఇదిగో, మీరే చూడండి."

"మీ కాటా తప్పు చూపిస్తోందమ్మాయ్. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను. పొద్దున్న మూడుసార్లు చూసుకున్నాను. మూడుసార్లూ ఒకటే." ఆమె గొంతు నడవా చివరికి వినపడింది. "ఖాళీగా ఉన్నప్పుడు సున్నా మీద ఉంటుందా అసలు ఇది?"

"దిగండి, చూద్దాం."

ఆమె దిగింది. సున్నా. పక్కన ఇంకేమీ లేకుండా, నిఖార్సైన సున్నా.

ఆమె ఆ అంకె వైపే చూస్తూ నిలబడింది. షెడ్డులో ముల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ ఉంటుందో అప్పుడు కనబడింది. సున్నాకి రెండు గీతల కింద. నీలం పెట్టె బరువు రెండు కిలోలు. ఆ బరువు సరుకులో కలవకుండా స్తంభం వెనకున్న మర తిప్పి, ముల్లును ముందే రెండు కిందికి దించి ఉంచుతారు. షెడ్డులో దాన్ని తరుగు అంటారు. ఆ మర బిగించింది ఆమె చేతులే, ఉద్యోగంలో చేరిన రెండో ఏట. ఆ తర్వాత పెట్టె లేకుండా కాటా మీద ఏదీ తూచలేదు. ముద్ర వేసేవాళ్ళు కూడా తమ తూకపు రాళ్ళు పెట్టెలో పెట్టే చూసేవాళ్ళు. రెండు గీతల కింద నిలబడ్డ ముల్లే ఆమె కళ్ళకి సున్నా అయిపోయింది. పన్నెండు వారాలు, రోజుకి ఎనిమిదిసార్లు, పెట్టె తీసేసి తను ఎక్కింది.

"ఏ కాటా మీద చూసుకున్నారమ్మా?" నర్సు మెల్లగా అడిగింది.

"మాదే," అంది ఆమె. "మా కాటా తప్పు కాదు."

డాక్టరు వచ్చి కాగితాలు తిరగేశాడు. కోప్పడలేదు. రేపటి వంతు ఇంకొకరికి వెళ్తుందని, మళ్ళీ మూడు వారాలకి మంగళవారం ఖాళీ ఉందని, ఈ లోపల రెండు కిలోలు తగ్గడం పెద్ద పని కాదని చెప్పాడు. అక్కకి కొంచెం జ్వరం ఉంది కాబట్టి ఆమెను మాత్రం ఇక్కడే ఉంచుతామన్నాడు.

అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. చెల్లెలు మంచం పక్కన నిలబడి అంతా చెప్పింది, పిన్నుతో గుచ్చి మాటలు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నట్టు. అక్క విని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గులోకి దిగింది.

"ఊళ్ళోవాళ్ళ సరుక్కంతా తరుగు తీసీ తీసీ, చివరికి నీక్కూడా తీసుకున్నావటే!"

"నవ్వకక్కా."

"ఏడవమంటావా? మూడు వారాలే కదే. రెండేళ్ళు ఉన్నదాన్ని మూడు వారాలు ఉండలేనా?" చెయ్యి చాపి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. వేళ్ళు వేడిగా ఉన్నాయి. "ఎంత సన్నబడ్డావో చూడు. నా వేళ్ళు చుట్టూ తిరిగి కలుస్తున్నాయి. ఇంటికెళ్ళి ముందు ఏమైనా తిను."

"తింటే పెరుగుతాను."

"ఈ పూటకి పెరుగు. నేను చెబుతున్నాగా."

ఆమె ఇంటికి వెళ్ళి గుడ్డు ఉడకబెట్టుకుని నిలబడే తిన్నది. రేడియో ఎక్కడుందో వెతికింది. దొరికింది గానీ మోగలేదు.

మర్నాడు షెడ్డులో అలమర తలుపు మీది అంకెలన్నీ రబ్బరుతో తుడిచేసింది. ఏమిటని మేస్త్రి అడిగితే చెప్పింది. అతను కాటా దగ్గరికి వెళ్ళి, ముల్లు వైపు చాలాసేపు చూసి, "నేనూ చూడలేదమ్మా. రోజూ ఇక్కడే ఉన్నాను, నేనూ చూడలేదు," అన్నాడు.

ఆ తర్వాత ఆమె షెడ్డు కాటా ఎక్కలేదు. లారీకి లారీకి మధ్య బల్ల వెనక కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకునేది. వారానికి ఒక్కసారి, సోమవారం, నిద్ర లేచి, బాత్రూముకి వెళ్ళొచ్చి, మంచినీళ్ళు తాగకుండా మొదటి బస్సు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, నడవాలో ఆ తెల్లటి కాటా మీదే చూసుకునేది. కాగితంలో రాసినట్టే. మొదటి సోమవారం డెబ్బై రెండు తొమ్మిది వందలు. అక్కకి జ్వరం తగ్గలేదు. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. రెండో సోమవారం డెబ్బై ఒకటి తొమ్మిది వందలు. నర్సు ఆ అంకె కాగితం మీద రాసి చుట్టూ సున్నా చుట్టింది. చెల్లెలు అది చూపిస్తే అక్క కళ్ళు తెరిచి, "తిన్నావా?" అని మాత్రం అడిగింది.

అక్క ఇంటికి తిరిగి రాలేదు. ఆ వారం బుధవారం ఉదయం, పది దాటి ఇరవై నిమిషాలకి, మొదటి లారీ తూకం నడుస్తుండగా పోయింది. వంతు వచ్చే మంగళవారానికి ఇంకా ఆరు రోజులుంది.