దొరగారి గ్లాసు

పొద్దున్నే గ్యాస్ కట్టర్ వెలిగించే ముందు పెద్దిరాజు కంచుదొర విగ్రహానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేవాడు. అరబ్బు దేశంలోని ఆ అమ్ఘరా తుక్కు యార్డులో అదయ్యాకే ఏ పనైనా.

రెండువేల ఎనిమిది ఎండల్లో, ఆస్ట్రేలియా నుంచి తుక్కు కంటైనర్లో దిగాడు దొర. కోటూ, గడ్డం, చేతిలో గ్లాసూ! తను కోనసీమవాడు కదా, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొరే అనుకుని పెద్దిరాజు సాష్టాంగపడిపోయాడు.

"లేవరా బాబూ, నేనాయన్ని కాదు," అన్నాడు దొర, అచ్చం అమలాపురం యాసలో. "సబ్బులమ్ముకునేవాణ్ణి. నూటపాతికేళ్ళ కిందట మా ఊరి మునిసిపాల్టీలో గెలిచి కుళాయిలేయించాను."

"నీళ్ళిచ్చారు కదండీ, చాలదేంటండీ!" అని బొట్టు పెట్టేశాడు. విగ్రహం మాట్లాడిందని ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. పక్కన తుక్కు కోసే కడప కూలీ నాగేశ్వర మాత్రం, "మా యాసలో ఒక్క ముక్కన్నా మాట్లాడడే," అని సణిగాడు.

అన్నాలవేళ దొర తన కథ చెప్పేవాడు. "సబ్బులోడికి సభలెందుకని రెండుసార్లు ఓడించారు. మూడోసారి గెలిచి, పల్లపు వీధి మురుగునీళ్ళు గ్లాసులో పట్టుకెళ్ళి పెద్దమనుషుల బల్ల మీద పెట్టాను. తాగండి, తర్వాత మాట్లాడదాం అన్నాను." అక్కడికొచ్చేసరికి పెద్దిరాజుకి కడుపు మండిపోయేది. యార్డు కూలీలుండే క్యాంపు ట్యాంకులో నీళ్ళూ అలాగే కంపుకొట్టేవి. అడిగినవాణ్ణల్లా యార్డు మేనేజరు, ఆ ముదీరు, విమానం ఎక్కించేశాడు.

ఓ రోజు ఫోర్‌మన్ జిలానీ బాషా వచ్చాడు. "కొలిమి లారీ వచ్చిండాది. దొరను కోసెయ్ ప్పా."

"కొయ్యను."

"కొయ్యకుంటే ముదీర్ నిన్ను ఖలాస్ చేసేస్తాడు!"

"చెయ్యమనండి! నీళ్ళిచ్చినోణ్ణి కోసి, కంపునీళ్ళు తాగి బతకాలా? థూ, ఏం బతుకండీ ఇది!"

జిలానీ బాషా ఆ కబురు మొయ్యడానికి వెళ్ళాడు. దొర కిర్రుమంటూ వేళ్ళు విప్పి గ్లాసందించాడు. పెద్దిరాజు క్యాంపు ట్యాంకు కింద గ్లాసు నింపి, తిన్నగా ముదీరు ఏసీ గదిలోకి నడిచాడు. వెనకాల నాగేశ్వర, ఆ వెనక యార్డంతా.

ముదీరు అప్పటికే వీసా రద్దు కాగితం రాసేశాడు, సంతకమే తరువాయి. పెద్దిరాజు గ్లాసు సరిగ్గా ఆ కాగితం మీద పెట్టాడు.

"ముందిది తాగండి సార్. తర్వాత పెడుదురుగాని సంతకం."

ముదీరు గ్లాసు నెట్టాడు, కదల్లేదు. కాగితం లాగాడు, రాలేదు. ఫోర్క్‌లిఫ్ట్‌కి తాడు కట్టి లాగినా బల్ల జరిగిందే గానీ గ్లాసు చెక్కుచెదరలేదు. ఇంకో కాగితం రాద్దామంటే ఆ కంపుకి గదిలో కూర్చుంటేగా! పెద్దిరాజు రోజూ పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "ఒక్క గుక్క సార్," అని పెళ్ళివారిని పిలిచినంత మర్యాదగా అడిగేవాడు.

కొలిమి లారీ ఖాళీగానే తిరిగెళ్ళింది. వారం తిరక్కుండా క్యాంపుకి కొత్త ట్యాంకొచ్చింది, నిండా తేటనీళ్ళు. ఆ సాయంత్రం పెద్దిరాజు గ్లాసుని రెండు వేళ్ళతో తీశాడు. కింద కాగితం చెమ్మకి నాని, ఒక్క అక్షరం మిగల్లేదు. కంపునీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళు నింపి దొర చేతిలో పెట్టాడు.

"ఇంకోటి రాస్తాడేమోరా," అన్నాడు దొర.

"రాయనీండి. గ్లాసు మన దగ్గరే ఉంది కదండీ, ఆయ్!"